ధవళేశ్వరం నుంచి కడియం దాకా

కడియం,
నవంబరు 9.

గణేషూ,

ఆశీర్వాదాలు ఆఖర్న రాస్తాను. ముందు తిట్లు కానీ.

ఫోనుండగా ఈ ఉత్తరమేంటని నవ్వుకుంటావని తెలుసు. ఫోనులో నేను రెండు ముక్కలు అనేలోపు నువ్వు నాలుగుసార్లు "సరే అక్కా" అంటావు. పెట్టేశాక నీ ఇష్టమొచ్చినట్టు చేస్తావు. బళ్ళో చదివే రోజుల నుంచీ నీది ఇదే వరస. కాగితమ్మీద అయితే నా మాటకి అడ్డం రాలేవు. ఇంకో సంగతి కూడా ఉంది. పొద్దుగూకేసరికి నా మాట ముద్దగా వస్తోంది. అది వినగానే నువ్వు చంటిపిల్లతో మాట్లాడే గొంతు పెడతావు. ఆ గొంతు వింటే నాకు ఒళ్ళు మండిపోతుంది. మన నర్సరీ వ్యాను మొక్కలేసుకుని కాకినాడ వస్తూనే ఉంటుంది కాబట్టి దాంట్లో పంపిస్తున్నాను. నువ్వూ రాసే జవాబియ్యి.

మీ సైకిల్ క్లబ్బువాళ్ళు జనవరిలో రెండు గోదావరి జిల్లాలూ చుట్టొస్తారనీ, మల్టిపుల్ స్క్లెరోసిస్ మీద పరిశోధన చేసేవాళ్ళకి విరాళాలు పోగుచేస్తారనీ మరదలు సత్యకుమారి చెప్పింది. జబ్బు నాది, యాత్ర నీది, కబురు మాత్రం దాని నోటినుంచి రావాలి. ఏం, నువ్వే చెబితే అరిగిపోతావా?

సరే, అసలు సంగతి. మీరు ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర బయల్దేరి మా కడియం మీదుగానే పోతారట కదా. అంతవరకూ నేనూ తొక్కుతాను. కాలవ గట్టు దారి, ఎత్తుపల్లాలు లేవు. మూడు చక్రాల సైకిలు తెప్పించుకున్నాను. నర్సరీలో పనిచేసే పాపాయి తోడుంటే రోజూ తెల్లారగట్ల కుండీల వరసల మధ్య తొక్కుతున్నాను. మీ బావ "ఇదంతా ఎందుకు ఉషా" అంటారు, మళ్ళీ ఆయనే టైర్లలో గాలి చూస్తారు.

నాది ఒక్కటే షరతు. ఎండెక్కకముందే బయల్దేరాలి. నాకు దూరం శత్రువు కాదు, వేడి శత్రువు. నరాల మీద పొర ఊడిపోయింది కదా, ఒంట్లో వేడి పెరిగితే నేను చెప్పే మాట కాలిదాకా వెళ్ళదు. చీకటితో బయల్దేరామా, లేత ఎండకి ఇల్లు చేరిపోతాను. కాబట్టి స్టేజీలు, సన్మానాలు, టిఫిన్లు వద్దు. మన గోదారి జిల్లాల సంగతి నేను నీకు చెప్పాలా? గుమ్మం ముందు ఆగినవాడికి ఏదో ఒకటి పెట్టకుండా పంపిస్తే పరువు పోయిందనుకుంటారు.

ఇప్పటికి నా కాళ్ళు నా మాట వింటున్నాయి. ఇంకెన్నాళ్ళు వింటాయో డాక్టరుగారికే తెలీదట. అందుకే వచ్చే ఏడాది చూద్దాంలే అనకు.

అక్క
ఉషారాణి

*

కాకినాడ,
నవంబరు 15.

అక్కకి నమస్కారాలు.

తిట్లు అందాయి. ఆశీర్వాదాలే రాయడం మర్చిపోయావు.

నీకు ముందు చెప్పనిది నిజమే. అక్కని చూపించి డబ్బులడుగుతున్నాడని నువ్వనుకుంటావేమోనని భయపడ్డాను. ఎరువుల కంపెనీ ఆఫీసులో లెక్కలు చూసుకునేవాడిని, ఇలాంటివి నాకు కొత్త. నువ్వు తొక్కుతానంటే నాకంటే సంతోషించేవాడు ఎవడున్నాడు? నీ పక్కనే ఉంటాను. నిన్ను ఇంటి దగ్గర దించాకే మేం కాకినాడ వైపు సాగుతాం. అక్కణ్ణించి యానాం, అమలాపురం, అంతర్వేది, నరసాపురం, తిరిగి రాజమండ్రి. మూడు రోజుల ప్రయాణం.

ముందురోజు మా అందరికీ ధవళేశ్వరంలో బస కావాలి. గంగాధర్ గారని ఇరిగేషన్ ఆఫీసులో చేసి రిటైరైన పెద్దాయన, "మా వీధిలో కల్యాణమండపం ఉందండి, ఇంకోచోట దిగారంటే మాకు అవమానం" అన్నారు. స్టేజీలు వద్దని ఆయనకి గట్టిగానే చెప్పాను.

ఒక్క మాట అడగాలి. ఈ జబ్బు పేరు చెబితే జనం "పక్షవాతమాండి?" అంటున్నారు. కాదంటే "మరి నరాల బలహీనతా?" అంటున్నారు. ఆ తర్వాత వినడం మానేస్తున్నారు. మనిషి ముఖం కనిపిస్తే కొంచెం ఆగి వింటారని మావాళ్ళు అంటున్నారు. ఫ్లెక్సీ మీద నీ ఫొటో వేద్దామా?

తమ్ముడు
గణేష్‌బాబు

*

కడియం,
డిసెంబరు 3.

గణేషూ,

ఫొటో వేసుకో. సైకిలు మీద కూర్చున్నదే వెయ్యాలి. పాపాయి తన ఫోనులో తీసింది, పంపిస్తున్నాను. జుట్టు రేగిపోయి ఉంది, ముఖం నిండా చెమట. అయినా సరే, అదే నేను.

నీకు తగిలిన జనమే నాకూ తగులుతున్నారు. మొన్న ఒకావిడ వచ్చి ఏజెన్సీలో ఎవరో పసరు పోస్తారట, మూడు పూటల్లో లేచి నడుస్తావంది. నడుస్తూనే ఉన్నానండి, మీకు కాఫీ తెచ్చింది నేనే కదా అన్నాను. ఆవిడ వినలేదు. జాలిపడ్డానికి వచ్చినవాళ్ళకి మనం బాగున్నామని చెబితే నచ్చదు. జాలి పడనిచ్చి పంపెయ్యాలి.

తొక్కడం బాగానే సాగుతోంది. ఐసు నీళ్ళలో తువ్వాలు తడిపి మెడకి చుట్టుకుంటున్నాను. నిన్న స్నానాలగదిలో గ్లాసు చెయ్యిజారింది. సబ్బు చెయ్యిలే. మీ బావ దానికే కంగారుపడి ఇంట్లో గాజు సామానంతా అటకెక్కించారు. ఆయన నీకు ఫోన్ చేసి ఏదైనా చెబితే పట్టించుకోకు.

అక్క

*

కాకినాడ,
డిసెంబరు 21.

అక్కకి,

ముందు చెడ్డ కబురు చెప్పేస్తాను. ఫ్లెక్సీ అచ్చయిపోయింది. ఫ్లెక్సీ షాపతను నువ్వు పంపిన ఫొటోలో ముఖం తేలట్లేదని, సత్యకుమారి ఫోనులోంచి మా గృహప్రవేశం నాటి పట్టుచీర ఫొటో తీసి వేసేశాడు. నేను చూసేసరికి ధవళేశ్వరంలో కట్టేశారు కూడా. మళ్ళీ వేయిద్దామంటే గంగాధర్ గారు "అమ్మగారు లక్ష్మీదేవిలా ఉన్నారండి, తియ్యకండి" అన్నారు. పెద్దాయన మాట తీసెయ్యలేకపోయాను.

పొద్దున్నే ఉత్త కాఫీ ఇస్తానన్నారు. అది కూడా వద్దంటే బాగోదని ఒప్పుకున్నాను. నిలబడి తాగేసి బయల్దేరిపోతాం.

నీ కాలెలా ఉంది? బావ ఫోనులో ఏదో చెప్పబోయి ఆగిపోయారు. నీకు ఇబ్బందనిపిస్తే ఇప్పటికైనా మించిపోయింది లేదు. నువ్వు జెండా ఊపినా చాలు, యాత్ర నీదే అవుతుంది.

తమ్ముడు

*

కడియం,
డిసెంబరు 26.

గణేష్,

జెండా ఊపడానికి మీ గంగాధర్ గారున్నారు.

కాలు బాగానే ఉంది. ఆ ప్రశ్న మళ్ళీ అడగకు. "ఇబ్బందనిపిస్తే" అనే మాట కూడా మళ్ళీ రాయకు. పట్టుచీర ఫొటోకి నిన్నేమనాలో తోచక ఊరుకుంటున్నాను. క్షమించానని మాత్రం అనుకోకు.

బయల్దేరే రోజు చీకటితోనే ధవళేశ్వరంలో ఉంటాను. మీరు సిద్ధంగా ఉండండి.

ఉష

*

కడియం,
జనవరి 8.

శ్రీ గణేష్‌బాబు గారికి,

నమస్కారమండి. తమరు యాత్ర దిగ్విజయంగా ముగించుకుని ఇల్లు చేరారని పేపరులో చూశాను. ఆ రోజు తమరు పది పనుల్లో తిరుగుతున్నారు కాబట్టి, నా కుర్చీలోంచి ఏం కనిపించిందో తమకి తెలియకపోవచ్చు. చెబుతానండి.

నేను వచ్చేసరికి ఇంకా చీకటే. ఒళ్ళు చల్లగా ఉంది, కాళ్ళు రెండూ నావే. సైకిలు దగ్గరికి వెళ్ళబోతే గంగాధర్ గారు ఎదురొచ్చి "ఒక్క అయిదు నిమిషాలు కూర్చోండమ్మగారూ, పెసరట్లు పోస్తున్నారు" అన్నారు. కాఫీ అన్నారు కదండీ అంటే, "ఉత్త కడుపుతో పంపించేస్తే రేపు మా ధవళేశ్వరం గురించి ఏమనుకుంటారండి?" అన్నారు. అంతమందికీ రెండు పెనాల మీద పెసరట్లు. వాటిలోకి ఉప్మా, మళ్ళీ అల్లప్పచ్చడి. వద్దన్నవాళ్ళ ఆకులో రెండు పడ్డాయి. తర్వాత పెద్దలు రావాలన్నారు. వచ్చారు. దీపం వెలిగించారు. ప్రార్థన పాడిన అమ్మాయికి ఒక శాలువా, పాడించిన మాస్టారికి ఒక శాలువా. అప్పటికి బ్యారేజీ మీద ఎండ పడింది. నన్ను స్టేజీ ఎక్కించి ఫోకస్ లైటు ఎదురుగా కూర్చోబెట్టి, నాకూ కప్పారు. వేడి పనికిరాని మనిషికి ఉన్ని శాలువా అండి. తీసేస్తే ఒకావిడ ప్రేమగా మళ్ళీ కప్పింది.

ఎలాగో దిగి సైకిలెక్కాను. ఎడమ పాదం పెడలు మీంచి జారింది. మళ్ళీ పెట్టాను, మళ్ళీ జారింది. చన్నీళ్ళు తెమ్మని పాపాయిని పంపించాను. అదొచ్చేలోపే "మీకెందుకమ్మా శ్రమ" అంటూ నలుగురు మగవాళ్ళు నన్ను సైకిలుతో సహా లేపి చిన్న లారీ మీద పెట్టారు. దించండి దించండి అని నేను అరుస్తున్నాను. మైకులో పాట. ఎవరికీ వినపడలేదు. బంతిపూల దండలు, మామిడి తోరణాలు, కొబ్బరాకుల పందిరి. కడియం దాకా ఊరేగించారు. దారిలో ఆడవాళ్ళు హారతులిచ్చారు. ఒకతను కిందనుంచి ఫోను పట్టుకుని "తొక్కండమ్మగారూ, వీడియో తీస్తున్నాం" అన్నాడు. కిందకి చూశాను కదా, వెనక ఇరుసు కింద దిమ్మలు పెట్టి చక్రాలు పైకి లేపారు. తొక్కితే చక్రాలు గాల్లో తిరుగుతాయి.

అండీ గిండీ ఇంక నావల్ల కాదురా. ఆ దిమ్మలు ఎక్కడివి? నా సైకిలు ఎత్తుకి సరిగ్గా సరిపోయేలా కోసి ఉన్నాయి. మన నర్సరీలో కుండీల బల్లకి వేసే ఆకుపచ్చ రంగు వాటికుంది. ధవళేశ్వరంవాళ్ళకి నా సైకిలు ఎత్తు ఎలా తెలుస్తుంది? కడియంలో పుట్టి పెరిగినదాన్ని, అన్ని దండలు కట్టడానికి ఎంతసేపు పడుతుందో నాకు తెలీదా? ఆ లారీ నా కాలు జారాక తయారైంది కాదు. ముందురోజే తయారైంది.

మీ బావని అడిగితే కుండీలకి నీళ్ళు పెట్టాలని లేచి వెళ్ళిపోయారు. నువ్వు చెప్పు.

*

కాకినాడ,
జనవరి 17.

అక్కా,

నాలుగుసార్లు రాసి చింపేశాను. నువ్వు "గారు" అన్న ఉత్తరం సత్యకుమారి చదివి, నాతో రెండు రోజులు మాట్లాడలేదు.

అవును, లారీ నేనే మాట్లాడాను. దిమ్మలు బావ కోశారు. డిసెంబరులో నువ్వు స్నానాలగదిలో పడిపోయావటగా. గ్లాసు కాదటగా జారింది. లేవలేక అరగంట నేలమీదే ఉన్నావని, పాపాయి వచ్చి లేపిందని, ఎవరికీ చెప్పొద్దని దాని చేత ఒట్టు వేయించుకున్నావని నెలాఖర్న బావ మళ్ళీ ఫోన్ చేసి ఏడుస్తూ చెప్పారు. నువ్వు నాకేం రాశావు? సబ్బు చెయ్యి అని రాశావు.

కాలవ గట్టక్కా అది. ఒకవైపు కాలవ. నీ కాలు ఒక్క క్షణం చెప్పిన మాట వినకపోతే ఏంటి గతి? వద్దంటే నువ్వు వింటావా? ఏదో ఒక ఏర్పాటు ఉండాలనుకున్నాం. దానికి పూలు కట్టింది మాత్రం నీకు చిన్నతనంగా ఉండకూడదని. గౌరవంగా ఉంటుందనుకున్నాం.

ఇంకొకటి కూడా చెప్పేస్తాను, తర్వాత నువ్వు నా ముఖం చూడకపోయినా సరే. పెసరట్లు ఆలస్యమవుతుంటే నేను తొందరపెట్టలేదు. పెద్దలు రావాలంటే ఆగుదామన్నాను. మావాళ్ళు వాచీలు చూసుకుంటుంటే, పెద్దవాళ్ళు బాధపడతారని సర్దిచెప్పింది నేనే. ఎండెక్కితే నువ్వే వద్దంటావు, వద్దన్నానన్న చెడ్డపేరు నాకు రాదు అనుకున్నాను.

నీకొక్కదానికే కోపమనుకోకు. మూడు రోజులూ ప్రతి ఊళ్ళో ఎవరో ఒకరు "దీనికి మందు కనిపెడతారాండి?" అని అడిగారు. ఏమని చెప్పను? కనిపెట్టేలోపు మా అక్క కాళ్ళు ఉంటాయో లేదో తెలీదని చెప్పనా? నవ్వుతూ దండం పెట్టి తొక్కుకుంటూ పోయాను. ఏం చెయ్యాలో తెలీక చేసిన పని ఇది. తప్పే.

గణేష్

*

కడియం,
ఫిబ్రవరి 5.

గణేషూ,

నీ ఉత్తరం రాజమండ్రి ఆసుపత్రిలో చదివాను. మీ బావ నీకు చెప్పాననే అన్నారు, కానీ ఎంత చెప్పారో నాకు అనుమానం. జనవరి ఆఖర్న ఎడమ కాలు పూర్తిగా పోయింది. తెల్లారి లేచేసరికి అది మంచంలో ఎవరిదో కాలు. స్టెరాయిడ్లు ఎక్కించారు. కొంత తిరిగొచ్చింది, చేతికర్రతో నాలుగడుగులు వేస్తున్నాను. ఇంకా రావచ్చు, రాకపోవచ్చు అన్నారు. ఆ మాట చెప్పడానికి అంత చదువెందుకో.

ఊరేగింపు వల్ల వచ్చిందా అని నువ్వు కుమిలిపోతావు. కాదట. వేడి వల్ల వచ్చేది చల్లబడితే పోతుందట, ఇది వేరేదట. వచ్చేది ఎలాగూ వచ్చేదే. నా బాధ అది కాదు. ఆ శనివారం చీకట్లో నాకు రెండు కాళ్ళున్నాయి. నువ్వు ఆ చల్లని పొద్దుని పెసరట్లతో గడిపేశావు. వచ్చే ఏడాది ముందే బయల్దేరదాం అని సత్యకుమారి చేత చెప్పించావట. వచ్చే ఏడాదికి నా కాళ్ళ తరఫున ఎవడ్రా హామీ?

నేను పడిపోయిన సంగతి దాచాను, నిజమే. నేను దాచింది నా కాలు. నువ్వు దాచింది కూడా నా కాలే. తేడా తెలుస్తోందా?

భయపడ్డావు, సరే. ఆ భయం నా ముఖమ్మీద చెప్పి ఉంటే పోట్లాడుకునేవాళ్ళం. నేను లైఫ్ జాకెట్ వేసుకునేదాన్ని, నువ్వు కాలవ వైపు తొక్కేవాడివి, ఏదో ఒక దారి దొరికేది. గౌరవమన్నావు. ఎవరి కాలు వాళ్ళని కదపనివ్వని గౌరవం నాకెందుకు? దేవుడి విగ్రహానికైతే పరవాలేదు, అది దిగుతానని అనదు.

వచ్చే ఆదివారం రా. ఫిబ్రవరి తెల్లవారుజాములు ఇంకా చల్లగానే ఉన్నాయి. ధవళేశ్వరం దాకా వ్యానులో వెళ్దాం. ఎడమ పాదం పెడలుకి తువ్వాలుతో కట్టు, కుడికాలితో తొక్కుతాను. కాలవ వైపు నువ్వు ఉండు. ఎవరికీ చెప్పకు, ముఖ్యంగా గంగాధర్ గారికి చెప్పకు. దారిలో నాతో మాట్లాడకు. నన్ను ముట్టుకోకు. ఆగాలంటే నేను చెబుతాను. నేను చెప్పేదాకా ఆపకు.

రానంటే రానని రాయి. వస్తానని రాసి ఇంకోటి చేశావో, అదే ఆఖరు.

ఉష

*

కాకినాడ,
ఫిబ్రవరి 7.

అక్కా,

వస్తాను. నువ్వు చెప్పినవన్నీ చెప్పినట్టే చేస్తాను. నాకు భయంగా ఉందని మాత్రం నీ ముఖమ్మీద చెబుతున్నాను. చాలా భయంగా ఉంది.

విరాళాలిచ్చినవాళ్ళకి పంపడానికి యాత్ర మీద చిన్న పుస్తకం వేస్తున్నారు. తొక్కినవాళ్ళ పేర్లు, ఎవరు ఎక్కడినుంచి ఎక్కడిదాకా తొక్కారో వేస్తాం. మొదటి పేజీ నిండా నీ గురించి రాయమని నా మీద పెట్టారు. ఏం రాయాలో నువ్వే చెప్పు. నువ్వు చెప్పకుండా ఒక్క అక్షరం వెయ్యను.

గణేష్

*

కడియం,
ఫిబ్రవరి 18.

గణేషూ,

మొన్న ఆదివారం నువ్వు ఒక్క మాట మాట్లాడకుండా వెళ్ళిపోయావు. మాట్లాడొద్దన్నది దారిలోరా, ఇంటికొచ్చాక కూడా కాదు. కాఫీ అయినా తాగకుండా పోయావని మీ బావ బాధపడ్డారు.

నువ్వు పక్కనుంచి సగం ముఖమే చూశావు కాబట్టి మిగతాది చెబుతాను. బయల్దేరిన కాసేపటికే కుడి తొడ మండడం మొదలైంది. ఎడమ కాలు పెడలుతో పాటు తిరుగుతోందే గానీ దానికి పట్టింపే లేదు. దాన్ని బూతులు తిట్టాను. నీకు వినపడిందో లేదో. ఎదురొచ్చిన పాలవాడు ఆగి చూస్తే వాణ్ణీ తిట్టాను. వేమగిరి వచ్చేసరికి కుడి మోకాలు కూడా వణికింది. ఇంకా ఎండ రాలేదు, ఎవరూ శాలువా కప్పలేదు, ఎవరూ ఆలస్యం చెయ్యలేదు. అయినా కాలు అయిపోయింది. తిట్టడానికి ఎవరూ మిగల్లేదు. అదే నాకు అన్నిటికంటే కోపం తెప్పించింది.

ఆగమన్నాను, ఆగావు. తువ్వాలు ముడి విప్పుకోవడానికి నాకు ఎంతసేపు పట్టిందో చూశావు. నీ చేతులు రెండుసార్లు ముందుకొచ్చి వెనక్కి వెళ్ళాయి, అదీ నేను చూశాను. సీటు పట్టుకుని దిగాను. వ్యాను నేనే ఎక్కాను. ఏడ్చింది సంతోషంతో అనుకునేవు, కాదు. కడియం ఇంకా సగం దూరం ఉండిపోయింది. ఆ సగం జనవరిలో నాకు ఉండేది. ఆ కోపం పోలేదు, పోతుందని నీకు మాటివ్వను. అయినా వచ్చే నెల రా, భోంచేసి వెళ్దువుగాని.

పుస్తకం సంగతి అడిగావు. మొదటి పేజీ వద్దు. ధైర్యం, ఆదర్శం, స్ఫూర్తి లాంటి మాటలు నా పేరు పక్కన కనబడితే కాకినాడ వచ్చి మరీ గొడవ చేస్తాను. తొక్కినవాళ్ళ పేర్లు వేస్తున్నారు కదా, వాటి మధ్యలో నా పేరు వెయ్యి. తేదీ ఫిబ్రవరిదే వెయ్యి, మార్చకు. జాలిపడి కడియం దాకా అని రాసేవు. అలా రాయకు.

ఉషారాణి, ధవళేశ్వరం నుంచి వేమగిరి దాకా. అంతే రాయి.